పిల్లికి ఇంట్లో ఇన్సులిన్ సూది వేయడం: జాగ్రత్త ఎక్కడ అవసరం, భయం ఎక్కడ అనవసరం

మీరు అడిగినవి మూడు సంగతులు. తొమ్మిదేళ్ళ మీ మగపిల్లికి మధుమేహం ఉందని తేలింది. డాక్టరు గారు గ్లార్జిన్ ఇన్సులిన్‌ను పూటకు ఒక యూనిట్ చొప్పున రోజుకు రెండు పూటలా వేయమన్నారు. సూది ఎక్కడ, ఎలా గుచ్చాలన్నది మొదటి ప్రశ్న. నిన్న రాత్రి సూది వేశాక బొచ్చు తడిగా తగిలిందని, మందు లోపలికి వెళ్ళిందో లేదో తెలియక మళ్ళీ వేయాలా వద్దా అని మథనపడ్డామని రాశారు. అది రెండవది. మందుల షాపులో మొదటిసారి నారింజ రంగు మూత ఉన్న సిరంజీలు, రెండోసారి ఎర్ర మూత ఉన్నవి ఇచ్చారని, రెండూ ఒకటేనా అని చివర ఒక వాక్యంలో అడిగారు. ఆ చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైనది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. అంతకన్నా ముందు, రెండవ ప్రశ్నకు జవాబు: మళ్ళీ వేయవద్దు. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

ఎర్ర మూత సిరంజి, నారింజ మూత సిరంజి ఒకటి కావు. మన దేశంలో ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది. మనుషులు వాడే చవక రకం ఇన్సులిన్ సీసాల్లో చాలావాటిలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. గ్లార్జిన్ వంటి వాటిలో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి. ఎర్ర మూత సిరంజి మీది గీతలు 40 యూనిట్ల మందును కొలవడానికి, నారింజ మూత సిరంజి మీది గీతలు 100 యూనిట్ల మందును కొలవడానికి గీసినవి. మీ దగ్గర ఉన్న గ్లార్జిన్‌ను ఎర్ర మూత సిరంజిలోకి ఒకటో గీత దాకా తీస్తే, లోపలికి వచ్చేది ఒక యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు. ఆరు కిలోల పిల్లికి చికిత్స మొదలైన తొలి వారంలో ఒకటికి బదులు రెండున్నర యూనిట్లు పడితే ప్రాణం మీదికి రావచ్చు. దీనికి తిరగబడ్డ పొరపాటు, అంటే 40 యూనిట్ల మందును నారింజ మూత సిరంజితో తీయడం జరిగితే, చెప్పిన మోతాదులో 40 శాతమే అందుతుంది. పిల్లికి షుగరు తగ్గక, డాక్టరు మోతాదు పెంచుకుంటూ పోతారు. ఆ తర్వాత ఎవరో సరైన సిరంజి వాడిన రోజున ఆ పెరిగిన మోతాదంతా ఒక్కసారిగా పడుతుంది. అందుచేత ఈరోజే ఎర్ర మూతవి వాడకంలోంచి తీసేసి, డాక్టరుకు చూపించడానికి విడిగా మూటగట్టి పెట్టండి. షాపుకు వెళ్ళినప్పుడు మూత రంగును మాత్రమే నమ్ముకోకుండా, సిరంజి ప్యాకెట్ మీద 100 అని, మందు పెట్టె మీద మిల్లీలీటరుకు 100 యూనిట్లు అని రెండూ చదివి సరిపోల్చుకోండి. షాపులో కుర్రవాడు "ఏదైనా ఒకటేనండీ, షుగరు సిరంజే కదా" అని అన్నా ఒప్పుకోవద్దు.

నారింజ మూతవాటిలో కూడా తేడాలున్నాయి. ఒక మిల్లీలీటరు పట్టే పెద్ద సిరంజీల్లో చాలావాటికి ఒక్కో గీత రెండు యూనిట్లను చూపిస్తుంది. దానితో ఒక యూనిట్ కొలవడమంటే రెండు గీతల నడుమ కంటితో అంచనా వేయడమే. మీకు కావలసింది 0.3 మిల్లీలీటరు పట్టే చిన్న సిరంజి, వీలైతే అర యూనిట్ గీతలు కూడా ఉన్నది. అన్ని షాపుల్లోనూ ఉండదు, ముందుగా చెప్పి తెప్పించుకోవలసి రావచ్చు. ఆ శ్రమ తప్పనిసరిగా పడమంటాను, ఎందుకంటే 100 యూనిట్ల మందులో ఒక యూనిట్ అంటే మిల్లీలీటరులో నూరవ వంతు. మామూలు నీటి చుక్క ఒకటి సుమారు అందులో ఐదు యూనిట్లంత ఉంటుంది. ఇంత చిన్న పరిమాణంలో చేయి కాస్త వణికినా, గాలి బుడగ ఒకటి మిగిలినా మోతాదులో చెప్పుకోదగ్గ తేడా వస్తుంది. మనుషులు వాడే ఇన్సులిన్ పెన్నుల్లో (మోతాదును తిప్పి పెట్టి నొక్కే పరికరాలు) ఎక్కువ భాగం ఒక్కో యూనిట్ చొప్పునే తిరుగుతాయి. పైగా పెన్ను నొక్కాక సూదిని కొన్ని సెకన్లు చర్మంలోనే ఉంచాలి, పిల్లి అంతసేపు కదలకుండా ఉంటుందన్న హామీ లేదు. కాబట్టి కొత్తగా నేర్చుకునేవారికి సిరంజే నయమని నా అభిప్రాయం.

ఇప్పుడు తడి బొచ్చు సంగతి. సూది మొన చర్మాన్ని ఒకవైపు గుచ్చుకుని రెండోవైపు బయటికి వచ్చేసినా, అసలు చర్మంలోకి దిగకపోయినా మందు బొచ్చులో పడుతుంది. కొత్తవారికి ఇది తరచుగా జరిగేదే, దీనికి కుంగిపోనక్కరలేదు. బొచ్చు తడిగా అనిపిస్తే వేలితో తాకి వాసన చూడండి. ఇన్సులిన్‌లో కలిపే నిల్వ రసాయనం వల్ల ఆసుపత్రి వాసన వంటిది ఘాటుగా తెలుస్తుంది. కానీ ఆ వాసన వచ్చినంత మాత్రాన మొత్తం మందు బయటే పడిందని చెప్పలేం, పావు వంతు పడిందో ముప్పావు వంతు పడిందో తెలుసుకునే మార్గం లేదు. ఆ స్థితిలో మరో యూనిట్ వేస్తే లోపల ఉన్నది ఒకటిన్నరో, రెండో ఎవరికీ తెలియదు. ఒక పూట ఇన్సులిన్ తప్పిపోతే పిల్లికి ఆ పన్నెండు గంటలు షుగరు ఎక్కువగా ఉంటుంది, నీళ్ళు ఎక్కువ తాగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది, అంతవరకే. రెండు మోతాదులు పడితే మాత్రం షుగరు పడిపోయి ఫిట్స్ వచ్చి చనిపోయే ప్రమాదం ఉంటుంది. రెండు పొరపాట్లూ సమానం కావు కాబట్టి, సగం పడిందేమో, పూర్తిగా పడిందేమో అన్న అనుమానం వచ్చిన ప్రతిసారీ వేసినట్టే లెక్కించి తర్వాతి పూట దాకా ఆగాలి. ఇదే నియమం ఇంట్లో మరో సందర్భంలోనూ పనికివస్తుంది: ఉదయం అమ్మగారు వేశారో లేదో తెలియక అదే పూట మరొకరు మళ్ళీ వేయడం. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, వేసిన వెంటనే వేసినవారే సమయం రాసి సంతకం పెట్టే అలవాటు చేసుకోండి. కాగితం మీద రాసి లేకపోతే, అడిగి నిర్ధారించుకునే దాకా ఎవరూ సూది పట్టుకోకూడదు.

అయితే ఒక పూట తప్పితే ఫరవాలేదు అన్నదాన్ని రోజుల తరబడి మానేయవచ్చని అర్థం చేసుకోవద్దు. ఇన్సులిన్ అందని పిల్లి శరీరం కొవ్వును కరిగించుకుంటూ కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలను తయారుచేస్తుంది. అవి పెరిగితే వాంతులు, తిండి మానేయడం, మత్తుగా పడి ఉండడం, నోటి నుంచి పండు కుళ్ళిన వాసన కనిపిస్తాయి. అది ఆసుపత్రిలో సెలైన్ పెట్టి చూడవలసిన అత్యవసర పరిస్థితి.

మందు దాచడం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, మధ్య అరలో ఉంచండి. ఫ్రీజరు గోడకు ఆనించి పెడితే గడ్డకడుతుంది, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. గ్లార్జిన్ నీళ్ళలా తేటగా ఉండాలి, మబ్బుగా మారినా, నలకలు కనిపించినా పారవేయాలి. దాన్ని కుదపవద్దు. నీటితోగాని మరో ఇన్సులిన్‌తోగాని ఎప్పుడూ కలపవద్దు. గ్లార్జిన్ సీసాలో ఆమ్ల ద్రావణంగా ఉండి, చర్మం కిందికి వెళ్ళాక అక్కడి తటస్థ వాతావరణంలో సన్నని కణాలుగా మారి మెల్లగా కరుగుతూ పనిచేస్తుంది, కలిపితే ఆ ఏర్పాటే చెడిపోతుంది. తెరిచాక ఎన్నాళ్ళు వాడవచ్చన్నది మీ డాక్టరునే అడగండి. మనుషుల కోసం రాసిన పత్రంలో 28 రోజులని ఉంటుంది. పిల్లికి పట్టే మందు చాలా తక్కువ కాబట్టి పెద్ద సీసా కన్నా మూడు మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్ (పెన్నులో పెట్టే చిన్న మందు గొట్టం) కొనడం వల్ల వృథా తగ్గుతుంది. దానిలోంచి సిరంజితో తీసేటప్పుడు లోపలికి గాలి ఎక్కించకూడదు. ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే సరిపోతుంది. గంటల తరబడి కరెంటు రాకపోతే మందును గుడ్డలో చుట్టి చల్లని సంచిలో పెట్టండి, మంచుగడ్డకు నేరుగా తగలనివ్వవద్దు.

ఇక అసలు పని. సూది వేయవలసింది చర్మం కింద, కండలో కాదు. పిల్లి చర్మం ఒంటికి వదులుగా ఉంటుంది, చర్మానికీ కండకూ మధ్య ఖాళీ సులభంగా ఏర్పడుతుంది. మెడ వెనుక, తల్లిపిల్లి నోటితో పట్టుకునే చోట, చర్మం మరీ వదులు కాబట్టి చాలామంది అక్కడే వేస్తారు. తప్పు కాదు, కానీ అక్కడ రక్తప్రసరణ కొంత తక్కువ. ప్రతిరోజూ రెండుసార్లు అదే చోట గుచ్చుతూ పోతే చర్మం గట్టిపడి మందు సరిగ్గా పీల్చుకోదు. పక్కటెముకల వెంట ఛాతీ ప్రక్కన, లేదా డొక్క మీద, వెన్నుకు కొంచెం దిగువగా వేయడం మేలు. ఉదయం కుడివైపు, సాయంత్రం ఎడమవైపు అనుకుంటే గుర్తుంటుంది. ప్రతి పూటా నిన్నటి చోటి నుంచి రెండు వేళ్ళ దూరం జరపండి. కాళ్ళు, తొడల మీద ఇంట్లో వేయవద్దు. తొడ వెనుక పెద్ద నరం ఒకటి పోతుంది, అక్కడ గుచ్చితే కాలు చచ్చుబడవచ్చు.

మొదట చేతులు కడుక్కుని, పిల్లి దగ్గరికి వెళ్ళకముందే మందు తీసి సిద్ధంగా పెట్టుకోండి. పిల్లిని ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో సీసా వెతకడం వల్లే సగం గొడవలు వస్తాయి. సీసా రబ్బరు మూతను స్పిరిట్ దూదితో తుడవండి. సీసా తలకిందులు చేసి, కావలసిన దానికన్నా ఒకటి రెండు యూనిట్లు ఎక్కువ లాగి, గొట్టాన్ని గోటితో మెల్లగా తట్టి బుడగను పైకి చేర్చి, బుడగతో పాటు ఎక్కువ మందును తిరిగి సీసాలోకి నెట్టి, ఒకటో గీత దగ్గర ఆపండి. కార్ట్రిడ్జ్ అయితే ఎక్కువ మందునూ బుడగనూ తిరిగి లోపలికి నెట్టకుండా బయట సింకులోకి వదలండి. పిస్టన్ చివరి రబ్బరులో సూదికి దగ్గరగా ఉండే అంచు గీత మీదకు రావాలి. మంచి వెలుతురులో, కంటికి సమానమైన ఎత్తులో పెట్టి చూడండి. కళ్ళద్దాలు వాడేవారు పెట్టుకునే చూడాలి. ఇంట్లో మరొకరు ఉంటే వారికి మోతాదు చెప్పకుండా "ఎంత కనిపిస్తోంది?" అని అడిగి చదివించుకోండి, మీరు చెప్పాక అడిగితే అవునంటారు తప్ప చూడరు.

పిల్లి ఒంటి మీద స్పిరిట్ రాయడం నేను వద్దంటాను. ఇన్సులిన్ సూదికి దాని అవసరం లేదు, బొచ్చు మీద అది చర్మాన్ని శుభ్రం చేసేది అంతంతమాత్రమే. ఆ చల్లదనం, వాసన మాత్రం పిల్లికి సూది రాబోతోందని చాటి చెబుతాయి. తర్వాత దాన్ని నాకుతుంది కూడా. ఒంటి మీద మట్టి, చీము, పుండు ఉంటే ఆ చోటు వదిలేసి మరో చోట వేయండి.

పిల్లి తింటూ ఉండగా దాని ప్రక్కన, మీ ఇద్దరి ముఖాలూ ఒకే దిశలో ఉండేలా కూర్చోండి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో చర్మాన్ని మెల్లగా పైకెత్తితే గుడారంలా లేస్తుంది. ఆ గుడారం మొదట్లో, మీ చూపుడువేలి కింద ఏర్పడిన గుంటలోకి, సూది మొనలోని వాలుగా కోసిన ముఖం పైకి ఉండేలా పట్టుకుని, వెన్నెముకకు దాదాపు సమాంతరంగా, ఒకే కదలికలో దించండి. మెల్లగా పొడిస్తే నొప్పి ఎక్కువ, విసిరినట్టు పొడిస్తే అటువైపు దాటిపోతుంది. ఈ సూది సాధారణంగా 8 మిల్లీమీటర్లే ఉంటుంది, చాలా సన్ననిది, చర్మం లోపలి లోతు అంతకంటే ఎక్కువగా ఉండేలా గుడారాన్ని ఎత్తి ఉంచడమే అసలు కిటుకు. కొందరు వేళ్ళతో చర్మాన్ని గట్టిగా పిండుతారు. అప్పుడు లోపల ఖాళీ ఉండదు, రెండు పొరల్లోంచి సూది దూసుకుపోతుంది, పిల్లికి నొప్పి పుట్టేది కూడా ఆ పిండడం వల్లే. సూది దిగాక పిస్టన్ చివరిదాకా నొక్కి, ఒక క్షణం ఆగి, దిగిన దారిలోనే బయటికి తీసి, ఆ తర్వాతే చర్మాన్ని వదలండి. రుద్దవద్దు. రుద్దితే మందు పీల్చుకునే వేగం మారుతుంది. ఒక రక్తపు చుక్క కనిపిస్తే దూదితో కాసేపు అదిమితే ఆగిపోతుంది, దాని గురించి కంగారు పడనక్కరలేదు.

మొదటిసారే నిజమైన మందుతో పిల్లి మీద చేయవద్దు. మీ డాక్టరు గారి దగ్గర ఒకసారి సెలైన్‌తో వేయించి చూడండి, వారి ముందే మీరూ ఒకసారి వేయండి. ఇంట్లో అయితే ఖాళీ సిరంజితో, సూది మూత తీయకుండా, కొన్ని రోజులు తిండి వేళల్లో గుడారం ఎత్తడం, సిరంజిని ఒంటికి తాకించడం, వెంటనే పిల్లికి ఇష్టమైన ముక్క ఇవ్వడం చేస్తే, చేతికి అలవాటవుతుంది, పిల్లికీ అనుమానం పోతుంది. ఇదంతా డాక్టరు వేయమన్న మోతాదును ఆలస్యం చేయడానికి సాకుగా మారకూడదు. ఆ రోజుల్లో క్లినిక్‌లో వేయించుకుని రావచ్చు.

మంచం కింద దూరిన పిల్లిని కాలు పట్టి లాగి సూది వేస్తున్నామని రాశారు. అది మానండి. దానివల్ల పిల్లికి మీ మీద నమ్మకం పోతుంది, మీకు కాట్లు మిగులుతాయి, భయంతో షుగరు కూడా పెరుగుతుంది. మంచం కింది నుంచి తీసిన ప్రతిసారీ దాక్కోవాలన్న ఆలోచన దానిలో మరింత బలపడుతుంది. దానికి బదులు ఒకే చోటు, ఒకే చాప లేదా బల్ల, ఒకే వేళ, ఒకే గిన్నె పెట్టుకోండి. తిండి ఎప్పుడూ అక్కడే దొరకాలి. సూది అయిపోగానే పట్టుకుని ఉండకుండా వదిలేయండి. మరీ కదిలే పిల్లిని తువాలులో మెడ దాకా చుట్టి, డొక్క వైపు మాత్రం తెరిచి, ఇంకొకరు ముందరి భాగాన్ని ఆసరాగా పట్టుకుంటే చాలు. ఇద్దరు కలిసి అదిమిపెట్టవలసి వస్తోందంటే ఆ పూట వదిలేసి డాక్టరుకు ఫోన్ చేయడం మంచిది.

తిండి సంగతి సూదితో విడదీయరానిది. పిల్లి తినడం చూశాకే సూది. మామూలుగా తినే పిల్లి ఆ పూట ముట్టకపోతేనో, వాంతి చేసుకుంటేనో ఇన్సులిన్ వేయకుండా డాక్టరును అడగండి. సగం తింటే ఎంత వేయాలన్నది ముందే అడిగి రాసుకుని ఉంచుకోండి, రాత్రి పదింటికి ఆ ప్రశ్న వస్తే చెప్పేవారు దొరకరు. ఇక్కడ మన ఇళ్ళకు ప్రత్యేకమైన విషయం ఒకటి ఉంది. మనలో చాలామంది పిల్లికి పాలన్నం, పెరుగన్నం, చేపల పులుసు కలిపిన అన్నం పెట్టి పెంచుతాం. మధుమేహం అని తెలియగానే ఎవరో చెప్పారని రాత్రికి రాత్రి అన్నం మానిపించి మాంసంతో కూడిన తిండికి మార్చేస్తాం. మార్చవలసిందే, పిల్లి శరీరం మాంసం మీద బతకడానికి ఏర్పడింది, పిండి పదార్థం తగ్గితే షుగరు చక్కగా అదుపులోకి వస్తుంది. కానీ పిండి పదార్థం తగ్గగానే ఇన్సులిన్ అవసరం కూడా తగ్గిపోతుంది. పాత మోతాదునే వేస్తూ పోతే షుగరు పడిపోతుంది. కాబట్టి తిండి మార్పు డాక్టరుకు చెప్పి, కొద్దికొద్దిగా, షుగరు చూసుకుంటూ చేయాలి. ఉడికించిన చికెన్ ఒక్కటే పెట్టడం కూడా సరికాదు, అందులో కాల్షియం తక్కువ, పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం ఉడికించిన నీటిలో పోతుంది. లావుగా ఉన్న మగపిల్లుల్లో ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది. బరువు మెల్లగా తగ్గితే, మొదటి కొన్ని నెలల్లోనే ఇన్సులిన్ అవసరం పూర్తిగా పోయే పిల్లులూ ఉన్నాయి. అది శుభవార్తే, కానీ ఆ దశలో అవసరం లేని ఇన్సులిన్ రోజూ పడుతూ ఉంటుంది కాబట్టి షుగరు చూడకుండా గడపడం ప్రమాదకరం.

షుగరు పడిపోయిందని ఎలా తెలుస్తుందంటే, పిల్లి అకస్మాత్తుగా విపరీతమైన ఆకలితో అరుస్తుంది, లేదా నీరసంగా పడి ఉంటుంది. నడిస్తే వెనుక కాళ్ళు తూలుతాయి, కళ్ళల్లో పాపలు పెద్దవవుతాయి, వణుకు వస్తుంది, చివరికి ఫిట్స్ వస్తాయి. రక్తంలో షుగరు డెసిలీటరుకు 60 మిల్లీగ్రాములకన్నా తక్కువ ఉంటే ప్రమాదంగా చూడాలి. తినగలిగే స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టండి. తినకపోతే తేనెగాని, గ్లూకోజ్ పొడిని కొద్ది నీటిలో చిక్కగా కలిపిగాని ఒక చెంచాడు తీసుకుని చిగుళ్ళ మీద, చెంప లోపల కొద్దికొద్దిగా రాయండి. స్పృహ లేని పిల్లి నోట్లో ద్రవం పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తున్నప్పుడు పళ్ళ మధ్య వేలు పెట్టవద్దు. కాస్త తేరుకుందని ఊరుకోకూడదు. తేనె ప్రభావం కాసేపే ఉంటుంది, లోపలి ఇన్సులిన్ గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి తేరుకున్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. రాత్రి తెరిచి ఉండే పశువుల ఆసుపత్రి ఏదో ఈరోజే కనుక్కుని పెట్టుకోండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలోని పశువైద్య కళాశాలలకు దగ్గర ఉన్నవారు అక్కడి ఆసుపత్రుల పనివేళలు ముందే తెలుసుకోవడం మంచిది.

ఇంట్లో షుగరు పరీక్ష నేర్చుకోమని గట్టిగా చెబుతాను. చెవి అంచును గోరువెచ్చని గుడ్డతో కాసేపు వెచ్చచేసి, అంచు వెంట పోయే సన్నని రక్తనాళం దగ్గర చిన్నగా గుచ్చితే చుక్క వస్తుంది. మనుషుల గ్లూకోమీటరు పిల్లి రక్తంలో ఉన్నదానికన్నా తరచుగా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మనుషుల రక్తంలో గ్లూకోజు ఎర్రకణాల్లోనూ చాలా భాగం ఉంటుంది, పిల్లుల్లో అది దాదాపు అంతా ప్లాస్మాలోనే, అంటే రక్తంలోని ద్రవ భాగంలోనే ఉంటుంది. పెంపుడు జంతువుల కోసం తయారైన మీటరు దొరికితే అది వాడండి, దొరకకపోతే ఎప్పుడూ ఒకే మీటరు వాడి ఏ మీటరో డాక్టరుకు చెప్పండి. తోలుకు అతికించే సెన్సర్లు కూడా పిల్లులకు వాడుతున్నారు. రోజంతా షుగరు 80కీ 300కీ మధ్య తిరుగుతూ, పిల్లి హుషారుగా, నీళ్ళు మామూలుగా తాగుతూ ఉంటే చాలామంది వైద్యులు సంతృప్తి పడతారు. ఒక్క పూట 350 వచ్చిందని మీ అంతట మీరు మోతాదు పెంచవద్దు. క్లినిక్‌లో భయానికే పిల్లి షుగరు ఎగబాకుతుంది. గ్లార్జిన్ ప్రభావం స్థిరపడడానికి కూడా కొన్ని రోజులు పడుతుంది, అందుకే మార్పులు సాధారణంగా వారానికోసారి, అర యూనిట్ చొప్పున డాక్టరే చేస్తారు.

ఇన్సులిన్ వేయడం వచ్చింది కదా అని, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్, నొప్పి మందుల సూదులు కూడా ఇదే పద్ధతిలో వేసేయవద్దు. కొన్ని కండలో వేయవలసినవి, కొన్ని చర్మం కింద పడితే పుండు చేస్తాయి. మనుషులకు వాడే పారాసెటమాల్ పిల్లికి సూది రూపంలోనైనా బిళ్ళ రూపంలోనైనా విషమే. టీకాలు, ఇతర సూదులు వేసిన చోట గడ్డ వస్తే గమనించే పద్ధతి ఒకటి వైద్యులు పాటిస్తారు: మూడు నెలల తర్వాత కూడా ఉన్నా, రెండు సెంటీమీటర్లకన్నా పెద్దదైనా, సూది వేసిన నెల తర్వాత ఇంకా పెరుగుతూ ఉన్నా ముక్క తీసి పరీక్షించాలి. పిల్లుల్లో సూది వేసిన చోట అరుదుగా క్యాన్సరు గడ్డ పుడుతుంది. అరుదే కనుక భయంతో టీకాలు మానవద్దు, గడ్డను నిర్లక్ష్యం కూడా చేయవద్దు.

సూది మీ చేతికి గుచ్చుకుంటే సబ్బుతో కడగండి. అందులో మందు మిగిలి ఉండగా గుచ్చుకుంటే మాత్రం, ముఖ్యంగా మీరూ షుగరు మందులు వాడేవారైతే, మీ డాక్టరుకు చెప్పండి. వాడిన సూదికి మూత తిరిగి పెట్టబోవడమే వేలికి గుచ్చుకోవడానికి పెద్ద కారణం. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. పిల్లి కాటు లోతుగా దిగి తొందరగా చీము పడుతుంది, మన దేశంలో రేబీస్ ఉంది. మీ పిల్లికి ప్రతి ఏటా రేబీస్ టీకా వేయిస్తున్నా ఆ నిర్ణయం వైద్యులకే వదలండి.

సిరంజిని ఒక్కసారే వాడండి. రెండోసారికే మొన మొద్దుబారుతుంది, మీద ఉన్న నునుపైన పూత పోతుంది. మనుషుల్లో చాలామంది ఖర్చు కోసం మళ్ళీ మళ్ళీ వాడతారని తెలుసు, కానీ నొప్పి పుట్టిన పిల్లి రేపు చాప దగ్గరికి రాదు. వాడినవాటిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, మూతకు చిన్న రంధ్రం చేసి, వేస్తూ పోయి, నిండాక టేపు చుట్టి, మీద రాసి, డాక్టరు క్లినిక్‌లో ఇవ్వండి. వారు ఆసుపత్రి వ్యర్థాలతో పంపుతారు. ఇళ్ళలో వాడిన సూదులను మామూలు చెత్తతో కలపకుండా ఇంటి ప్రమాదకర వ్యర్థంగా విడిగా ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. చెత్త సంచిలో వేస్తే గుచ్చుకునేది దాన్ని చేత్తో వేరుచేసే పారిశుద్ధ్య కార్మికులకు.

సంక్రాంతికి ఊరు వెళ్ళవలసి వస్తుందని కూడా రాశారు. పిల్లిని ఇంట్లో ఉంచి పొరుగువారికి అప్పగించే పనైతే, వారు మీ ముందు కనీసం రెండు మూడు పూటలు స్వయంగా వేసి ఉండాలి. మోతాదు, సిరంజి రకం, తినకపోతే ఏం చేయాలి, షుగరు పడిపోతే ఏం చేయాలి, డాక్టరు నెంబరు, ఇవన్నీ ఒకే కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద ఉంచండి. సూది వేయడానికి అంతగా ధైర్యం చాలనివారికి అప్పగించడం కన్నా, ఆ రోజులకు క్లినిక్‌లో ఉంచడం మేలు.

మీ తర్వాతి విజిట్‌కు మందు పెట్టె, రెండు రంగుల సిరంజి ప్యాకెట్లు, ఫ్రిజ్ మీది కాగితం తీసుకుని వెళ్ళండి. ఎర్ర మూత సిరంజితో ఏయే తేదీల్లో, ఎన్ని పూటలు వేశారో గుర్తు తెచ్చుకుని డాక్టరుకు చెప్పండి, ఆ రోజుల్లో కనిపించిన షుగరును బట్టి మోతాదు నిర్ణయించి ఉంటే అది మార్చవలసి ఉంటుంది. విజిట్ దాకా ఆగకుండా ఈ ఒక్క సంగతీ ఈరోజే ఫోన్‌లో చెప్పండి.